ఇల్లు అమ్మే రోజున ధర పడిపోకుండా: బరంపురం, పర్లాకిమిడి వైపు సొంతిల్లు ఉన్నవాళ్ళు ముందే దిద్దుకోవాల్సిన తప్పులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెదనాన్నగారి ఇల్లు అమ్మడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. వీధి మంచిది, గోడలు గట్టివి, బావిలో నడివేసవిలోనూ నీళ్ళుంటాయి. అయినా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కారణంతో వెనక్కి పోయారు. ఒకాయనకి అన్నీ నచ్చాయి గానీ, పట్టాలో పేరు సరిపోవడం లేదని ఆయన బ్యాంకు లాయరు కాగితాలు తిప్పి పంపాడు. ఇంకొకావిడ వెనకగదిలో అడుగుపెట్టి, చెమ్మ వాసన పసిగట్టి, మిగతా ఇల్లు చూడకుండానే వెళ్ళిపోయింది. చివరికి పాతపట్నం నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు తీసుకున్నారు, మేం అనుకున్నదానికి బాగా తక్కువకి.

వెనకగది బాగుచేయడానికి మేస్త్రి చెప్పిన ఖర్చు ఇరవై వేలు. బేరంలో దాని పేరు చెప్పి దిగింది రెండు లక్షలు. కొనేవాళ్ళు రిపేరు ఖర్చు ఒక్కటే తగ్గించరు, దాని వెనక ఇంకేం దాగుందోనన్న భయానికి కూడా తగ్గిస్తారని నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఈ మెట్లని ఆ భయాల వరసలోనే రాస్తున్నాను. ముందు కాగితం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత కట్టడంలో మార్పులు, రంగులూ సోకులూ చివర. మనలో చాలామంది ముందు రంగులు వేయించి, కాగితాల సంగతి కొనేవాడు అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటాం. మేమూ అదే చేశాం.

ఇప్పట్లో అమ్మే ఆలోచన లేనివాళ్ళు కూడా మొదటి నాలుగు మెట్లు ఈ ఏడాదే మొదలుపెట్టండి. వాటికి డబ్బు కన్నా సమయమే ఎక్కువ పడుతుంది.

మొదటి మెట్టు: పట్టా తీసి, అక్షరం అక్షరం చదవండి

ఒడిశాలో ఇంటికి మూలం ఆర్‌ఓఆర్ పట్టా, అంటే భూమి ఎవరిదో చెప్పే ప్రభుత్వ హక్కుల రికార్డు. ప్రభుత్వ భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని, ఖాతా నంబరో ప్లాటు నంబరో కొడితే మీ పేజీ వస్తుంది. అది ఒడియాలో ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఒడియా మాట్లాడడం వచ్చినా చదవడం రాక, పిల్లలకి ఆ ఓపిక లేక, ఏళ్ళ తరబడి ఎవరూ దాన్ని చదవరు. చదవగలిగినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు సంగతులు చూసుకోండి.

ఒకటి, పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా పద్ధతిలో అది చివరికి పోతుంది. తెలుగు పేరు ఒడియా లిపిలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకే మనిషి ముగ్గురవుతాడు. పట్టాలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, రిజిస్ట్రీ దస్తావేజులో మరొకటి. మా పెదనాన్నగారి విషయంలో జరిగింది ఇదే. తండ్రి పేరులో ఒక అక్షరం పోయింది, ఇంటిపేరు అసలు లేనే లేదు. తహసీల్దారు ఆఫీసులో సవరణకి అర్జీ పెట్టి, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ఇచ్చి, అది తేలేసరికి ఐదు నెలలు. ఈలోగా ఇద్దరు కొనేవాళ్ళు వేరే ఇళ్ళు చూసుకున్నారు.

రెండు, కిసమ్, అంటే భూమి రకం. ఇల్లు ఉన్న స్థలానికి 'ఘరబారి' అని ఉండాలి. ఊరి అంచున పొలం కొని ఇల్లు కట్టుకున్నవాళ్ళలో చాలామంది పట్టాలో ఇంకా 'శారద' అనే ఉంటుంది, అంటే వరి పండే నేల. మీరు పదిహేనేళ్ళుగా అందులో కాపురం ఉన్నా, బ్యాంకు దృష్టిలో అది పొలమే. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960లోని 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర దీన్ని మార్పించుకోవచ్చు. రుసుము కట్టాలి, కొంత తిరగాలి. అయినా లోను దొరకని ఇంటిని కొనగలిగేది చేతిలో మొత్తం డబ్బున్నవాడు ఒక్కడే. అలాంటివాళ్ళు తక్కువ, వాళ్ళు గట్టిగా బేరమాడతారు.

మూడు, నంబర్లు. తాతల దస్తావేజులో ఉండేది పాత సర్వే నంబరు. సెటిల్‌మెంట్ (భూముల రీసర్వే) తర్వాత వచ్చినది కొత్తది. ఇక్కడి ఆఫీసుల్లో వీటిని సాబిక్, హాల్ అంటారు. ఫలానా సాబిక్ ప్లాటే ఈ హాల్ ప్లాటు అయిందని చూపే కాగితం మీ ఫైల్లో లేకపోతే, మీ దస్తావేజుకీ మీ పట్టాకీ సంబంధం ఏమిటని లాయరు అడుగుతాడు. గంజాం, పర్లాకిమిడి ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి, చాలా కుటుంబాల మూల దస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి. వాటిని పారేయకండి, ట్రంకుపెట్టెలో చెదలకీ వదలకండి. స్కాన్ చేయించి, నోటరీ ముద్రతో అనువాదం చేయించి పెట్టుకోండి.

నాలుగు, విస్తీర్ణం. పట్టాలో డెసిమల్ అని ఉంటుంది, మనం సెంటు అంటాం. రెండూ ఒకటే, 435.6 చదరపు అడుగులు, కాబట్టి లెక్కలో కంగారు అక్కర్లేదు. కంగారు పడాల్సింది నేల మీద ఉన్నది కాగితంతో సరిపోనప్పుడు. అమీన్‌ని, అంటే భూమి కొలిచేవాణ్ణి, పిలిచి కొలిపించి, హద్దురాళ్ళు వేయించండి. పక్కింటివాళ్ళతో మాట మంచిగా ఉన్న రోజుల్లోనే ఈ పని పెట్టుకోండి. గొడవ వచ్చాక కొలిస్తే ఆ కొలతని ఎవరూ ఒప్పుకోరు.

రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూడాలి. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులూ ఆర్. ఉదయగిరి వైపూ అంతే (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు). అక్కడ ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా 1956లోనే రెగ్యులేషన్ వచ్చింది, 2002 సవరణ తర్వాత ఆ దారి పూర్తిగా మూసుకుంది. మీ స్థలం దస్తావేజుల గొలుసులో ఎక్కడైనా, ఎంత వెనకైనా, ఆదివాసీ నుంచి అనుమతి లేకుండా చేతులు మారిన దస్తావేజు ఉంటే ధర తగ్గడం అటుంచి, ఆస్తే నిలవకపోవచ్చు. ఆ చట్టం న్యాయమైనదనే నా అభిప్రాయం. అందుకే దాన్ని తప్పించుకునే దారుల గురించి ఇక్కడ ఒక్క ముక్కా రాయను. ఇల్లు కట్టేముందే మంచి లాయరుకి గొలుసంతా చూపించుకోండి.

రెండో మెట్టు: వారసుల లెక్క

నాన్నగారు పోయి పదేళ్ళయినా పట్టా ఆయన పేరునే ఉంటుంది. శిస్తు కడుతున్నాం కదా, ఇల్లు మన చేతిలోనే ఉంది కదా అనుకుంటాం. మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పు) చేయించకుండా వదిలేసిన ప్రతి ఏడాదీ సంతకాలు పెట్టాల్సినవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. అన్నదమ్ముల్లో ఒకరు పోతే వాళ్ళ భార్య, పిల్లలు వచ్చి చేరతారు. ఒకరు సూరత్‌లో, ఒకరు విశాఖలో ఉంటారు.

ఆడపిల్లల వాటా సంగతి దాటవేయకండి. 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కు ఉంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. కట్నం ఇచ్చి పంపేశాం కాబట్టి సంతకం అక్కర్లేదు అనే మాట చట్టం ముందూ నిలవదు, బ్యాంకు లాయరు ముందూ నిలవదు. మా మేనత్త దగ్గరికి మేం ఆఖరి నిమిషంలో కాగితం పట్టుకుని వెళ్ళాం. ఆవిడ సంతకం పెట్టింది. కానీ 'ఇల్లు అమ్ముతున్నారని ఊళ్ళోవాళ్ళు చెబితే నాకు తెలిసింది రా' అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ముందుగా కూర్చోబెట్టి మాట్లాడండి. ఎవరైనా వాటా వదులుకుంటే దాన్ని రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాలు అమ్మకం రోజున పనికిరావు.

మూడో మెట్టు: ప్లానుకీ ఇంటికీ పొంతన

బరంపురంలో మామూలుగా కనిపించేది ఇది: కింది అంతస్తుకి డెవలప్‌మెంట్ అథారిటీ నుంచి ప్లాను తీసుకుంటారు, తర్వాత పైన రెండు గదులు, ఆ పైన అద్దెకి ఒక పోర్షన్ వేసేస్తారు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల అద్దెలు బాగా వస్తాయి కాబట్టి ఆ ఆశ సహజమే. అయితే బ్యాంకు వాల్యుయర్ వచ్చినప్పుడు ప్లానులో ఉన్నదానికే విలువ కడతాడు. పైన మీరు పెట్టిన లక్షలు ఆ లెక్కలో ఉండవు, పైగా కూల్చివేత నోటీసు వస్తుందేమోనన్న అనుమానం కొనేవాడికి మిగులుతుంది. క్రమబద్ధీకరణకి వీలుంటే జరిమానా కట్టి అయినా చేయించుకోండి. ఇంకా కట్టనివాళ్ళు ప్లాను వచ్చాకే కట్టండి.

కాలువ మీద పలకలు వేసి మెట్లు ముందుకి లాగడం, సన్‌షేడ్‌ని రోడ్డు మీదకి చాచడం, పక్కనున్న ప్రభుత్వ స్థలాన్ని గోడలో కలుపుకోవడం: వీటితో ఇల్లు పెద్దదైనట్టు కనిపిస్తుంది. అమ్మేటప్పుడు దానికి పైసా రాదు. కాలువ పూడిక తీయడానికి వచ్చినప్పుడు ముందు విరిగేవి ఆ మెట్లే.

నాలుగో మెట్టు: నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టండి

ఈ మెట్టు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మా ఇంటికి తగ్గిన ధరలో సగం ఇక్కడే పోయింది.

మన ప్రాంతం తుఫాన్ల దారి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. ఇప్పుడు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది 'తిత్లీకి నీళ్ళు లోపలికి వచ్చాయా?' అని. దానికి మీ దగ్గర నిజమైన, ధైర్యంగా చెప్పగలిగిన జవాబు ఉండాలి.

మంచి వాన పడుతున్న రోజున గొడుగు వేసుకుని డాబా ఎక్కండి. నీళ్ళు నిలబడే చోట్లు సుద్దతో గీయండి. నూరు అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు ఉంటే నీళ్ళు గొట్టాల వైపు వాటంతట అవే పోతాయి. వాలు లేనిచోట ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు పూసినా రెండు మూడు వర్షాకాలాలకి లేచిపోతుంది. కాబట్టి ముందు వాలు సరిచేయించి తర్వాత పూత వేయించండి. పిట్టగోడ డాబాని కలిసే మూల, నీటి ట్యాంకు దిమ్మల కింద, గొట్టం స్లాబులోంచి దిగే చోటు: ఊటలు ఎక్కువగా ఈ మూడింట్లోనే మొదలవుతాయి.

గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఇళ్ళకి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఉప్పు, తేమ కలిసి కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి నెట్టి కాంక్రీటు పెచ్చులు ఊడేలా చేస్తుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టడమే మనవాళ్ళు చేసే తప్పు. తుప్పుని ఊచ కనిపించేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, అప్పుడు మరమ్మతు గార పెట్టాలి. లేకపోతే ఏడాదిన్నరలో అదే చోట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా, మళ్ళీ ఊడుతుంది.

పాత ఇళ్ళ సంగతి వేరు. పర్లాకిమిడిలో, బరంపురం పాత వీధుల్లో సున్నపు గారతో కట్టిన గోడలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ గోడ నేలలోంచి తేమ పీల్చి, తన ఒంట్లోంచే బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే తేమకి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడది గోడలో ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పొడిలా రాలుతుంది. మా వెనకగదికి చేసింది సరిగ్గా ఇదే. మొదటిసారి చెమ్మ కనిపించినప్పుడు సిమెంటు పూశారు. రెండోసారి నడుం ఎత్తు టైల్స్ అతికించారు. మూడోసారి పీవీసీ షీట్లు బిగించారు. ఒక్కో పనికీ డబ్బు పోసి చెమ్మని ఒక్కో అడుగు పైకి పంపాం. పాత గోడకి సున్నపు గారే తిరిగి వేయించండి, పైన వెల్ల వేయించండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ వెతికితే ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు.

షీట్ల వెనక దాచిన గోడని కొనేవాళ్ళు ఇప్పుడు వేలితో కొట్టి చూస్తున్నారు. ఒకచోట దాచినట్టు తెలిస్తే, దాచని చోట్లని కూడా నమ్మరు.

ఇంకొకటి రోడ్డు ఎత్తు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా మీదే పోస్తున్నారు. ముప్పై ఏళ్ళ క్రితం రోడ్డు కన్నా రెండడుగులు ఎత్తున్న గడప ఇప్పుడు రోడ్డుకి సమానంగా ఉంది. వీధిలో పని మొదలవుతోందని తెలియగానే అందరూ కలిసి వార్డులో అర్జీ ఇవ్వండి, పాత పొర తీసి వేయమనండి. రోడ్డు పడిపోయాక మీ చేతిలో మిగిలేది గడప ఎత్తు పెంచుకోవడం ఒక్కటే, దాంతో తలుపు పొట్టిదవుతుంది.

ఐదో మెట్టు: వెనక్కి తీసుకోలేని మార్పులు చేసేముందు ఒక నెల ఆగండి

రెండు చిన్న గదులు కలిపి పెద్ద హాలు చేసుకుంటే ఉండడానికి బాగుంటుంది. కానీ మన దగ్గర ఇల్లు గదుల లెక్కన అమ్ముడవుతుంది. మూడు పడకగదుల ఇల్లు రెండు పడకగదులదిగా మారితే, కొనేవాళ్ళలో ఒక వర్గమే తప్పుకుంటుంది. పైగా పాత ఇళ్ళలో పైకప్పు బరువు గోడల మీదే ఉంటుంది. ఇంజనీరుని అడగకుండా గోడ పడగొడితే పైన పగులు వస్తుంది. ఆ పగులుకి ఎంత తగ్గించాలో కొనేవాడికి తెలియదు కాబట్టి వాడు ఊహించుకున్నంత తగ్గిస్తాడు.

స్థలమంతా కట్టేసి బండి పెట్టుకునే చోటు లేకుండా చేసుకోవడం పాత వీధుల్లో మామూలు. కనీసం ఒక స్కూటీ, వీలైతే ఒక కారు గేటు లోపల నిలిచేలా వదలండి. అద్దె పోర్షన్‌కి మెట్లు బయటి నుంచి వేయండి. హాల్లోంచి పైకి మెట్లున్న ఇల్లు రెండు కుటుంబాలకి పనికిరాదు.

వాస్తు గురించి ఎవరి నమ్మకం వాళ్ళది. నమ్మినా నమ్మకపోయినా, ఈశాన్యంలో మరుగుదొడ్డో సెప్టిక్ ట్యాంకో ఉన్న ఇంటికి మన తెలుగువాళ్ళలోనే కాదు, ఒడియా కుటుంబాల్లోనూ చాలామంది అడుగుపెట్టరు. కొత్తగా కట్టేటప్పుడు అది చూసుకోండి. ఉన్న ఇంటిని మాత్రం వాస్తు కోసం కూల్చి కట్టకండి, ఆ ఖర్చు తిరిగి రాదు.

బావి పూడ్చేముందు ఆలోచించండి. పాత టేకు తలుపులు, దూలాలు పీకి కలపవాడికి అమ్మేసి రెడీమేడ్ తలుపులు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. గీకి, నూనె పట్టిస్తే ఇంకో యాభై ఏళ్ళు ఉండే తలుపులవి, కొనేవాళ్ళ చూపు ముందు వాటి మీదే ఆగుతుంది. అరుగు సంగతీ అంతే.

ఆరో మెట్టు: సోకుల ఖర్చుకి హద్దు

మీ వీధిలో ఈ మధ్య అమ్ముడైన రెండు మూడు ఇళ్ళ ధర కనుక్కోండి. మీ ఇల్లు దాన్ని కొంచెం దాటొచ్చు గానీ ఎంతో దాటదు. పాలరాయి, ఫాల్స్ సీలింగ్, ముదురు రంగుల మాడ్యులర్ కిచెన్ మీ సంతోషం కోసం చేయించుకోండి, తప్పులేదు, కానీ అమ్మకపు ధరలో కలుపుకోకండి. అదే డబ్బుతో పాత వైరింగ్ మార్పించి, ఎర్తింగ్ సరిచేయించి, ఎంసీబీ, ఆర్‌సీసీబీ (ప్రమాదం వస్తే కరెంటు ఆపేసే స్విచ్చులు) పెట్టిస్తే కొనేవాడికి అది నిజమైన లాభం. గోడలో పైపులు, వైర్లు మూసేముందు ఫోన్‌తో ఫోటోలు తీసి దాచండి. ద్వారబంధాలకి చెద మందు కొట్టించిన రసీదు కూడా ఆ ఫైల్లోనే పెట్టండి.

బిల్లులు దాచడానికి ఇంకో కారణం పన్ను. ఇల్లు మీ దగ్గర 24 నెలలు దాటి ఉంటే వచ్చిన లాభం దీర్ఘకాల మూలధన లాభం. 2024 జూలై 23 నుంచి చేసిన అమ్మకాలకి రేటు 12.5 శాతం. ఆ తేదీకి ముందే సంపాదించిన ఆస్తి అయితే, భారతదేశంలో నివాసులైనవాళ్ళు ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్నధరని పెంచి) 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువో చూసుకోవచ్చు. 2001 ఏప్రిల్ 1కి ముందు ఆస్తికి ఆ రోజు విలువని మూలధరగా తీసుకునే వీలుంది. గది వేసినా, స్లాబు మార్చినా, ఆ ఖర్చుని లాభంలోంచి తీసేయాలంటే బిల్లు చూపాలి.

ఏడో మెట్టు: అద్దెవాళ్ళు

కాగితం లేకుండా ఇరవై ఏళ్ళుగా ఉన్న అద్దెవాళ్ళతో సహా ఇల్లు కొనమంటే ఎవరూ మంచి ధర ఇవ్వరు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి, ప్రతిసారీ కొత్తది రాసుకోండి. అమ్మే ఆలోచన రాగానే వాళ్ళకి మర్యాదగా చెప్పి సమయం ఇవ్వండి. బయటివాళ్ళు చెబితే తెలిసేలా చేయకండి.

ఎనిమిదో మెట్టు: అమ్మే ముందు మూడు నెలలు

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తీయండి, అంటే ఆస్తి మీద లోన్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే పత్రం. ఎప్పుడో తీర్చేసిన లోను ఇంకా అందులో కనిపిస్తే బ్యాంకు నుంచి విడుదల పత్రం తెచ్చి సరిచేయించండి. హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటిపన్ను), కరెంటు, నీటి బిల్లుల బాకీలు లేకుండా చేసి రసీదులు పెట్టండి. పట్టా, ఈసీ, ప్లాను, శిస్తు రసీదులు, వారసత్వ సర్టిఫికెట్ అన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. వచ్చినవాళ్ళకి జిరాక్సు సెట్టు అడక్కముందే ఇవ్వండి. మేం ఒక్కో కాగితం అడిగినప్పుడల్లా ఒక్కోటి తెచ్చాం. ఏదో దాస్తున్నారని వాళ్ళు అనుకున్నారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఇప్పుడు రంగులు వేయించండి. లేత రంగులే వేయించండి.

ధర మొదటిసారి చెప్పేటప్పుడు ఆశతో ఎక్కువ చెప్పి తర్వాత దించుకుంటూ రావడం మేం చేసిన మరో పెద్ద తప్పు. చిన్న ఊళ్ళలో అమ్మకానికున్న ఇళ్ళు కొద్ది, బ్రోకర్లు కొద్దిమంది. 'ఆ ఇల్లు ఏడాదిగా ఉంది, ఏదో లోపం ఉండే ఉంటుంది' అనే మాట ఒకసారి పుడితే ఇల్లు బాగున్నా ధర లేవదు. బెంచ్‌మార్క్ వాల్యూ (రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం కట్టిన విలువ) ఎంతో, వీధిలో నిజంగా ఎంతకి అమ్ముడైందో రెండూ తెలుసుకుని, బేరానికి కొద్దిగా చోటు వదిలి, ఒకే అంకె చెప్పండి.

మీకు తెలిసిన లోపాన్ని మీరే చెప్పండి. మామూలుగా చూస్తే బయటపడని పెద్ద లోపం తెలిసీ చెప్పకపోవడం ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కూడా తప్పే. అదీకాక, 'వెనకగోడకి చెమ్మ ఉండేది, పోయినేడు సున్నపు గారతో బాగుచేయించాం, ఇదిగో బిల్లు' అని అమ్మేవాళ్ళే చెబితే కొనేవాడి భయం అక్కడితో ఆగుతుంది.

అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడే ప్రమాదం మీకే. గడువు, మిగతా సొమ్ము, ఇల్లు ఖాళీ చేసే తేదీ, బావి మోటారు, ఫ్యాన్లు ఎవరివన్నది అగ్రిమెంటులో రాయించండి.

రిజిస్ట్రీ రోజున తాళాలతోపాటు పైపుల ఫోటోలు, సాబిక్-హాల్ కాగితం, అమీన్ కొలిచిన నక్షా, కరెంటు మీటరు పేరు మార్పుకి మీ సంతకం పెట్టిన ఉత్తరం కొనేవాళ్ళ చేతికి ఇవ్వండి. మేం మాస్టారికి వాటితోపాటు డాబా మీద నీళ్ళు నిలిచే చోట్లు గీసిన కాగితం కూడా ఇచ్చాం. ఆయన వర్షాకాలం రాకముందే అక్కడ వాలు వేయించుకున్నారు.